ఆదిమ స్లావిక్ ‘స్వెక్రీ’: వ్యుత్పత్తి, విభక్తి రూపాలు

ఆదిమ స్లావిక్ భాషలో భర్త తల్లిని తెలిపే పదంగా *స్వెక్రీ పునర్నిర్మితమైంది. సంస్కృత ‘శ్వశ్రూ’, లాటిన్ ‘సోక్రుస్’ దీని సోదర పదాలు. ఇవన్నీ ఇండో-యూరోపియన్ ఊకారాంత స్త్రీలింగ ప్రాతిపదిక నుండి వచ్చినవే.

ఇందులోని కకారం వివరణను కోరుతుంది. మూలభాషలోని తాలవ్య కకారం సంస్కృతంలో శకారంగాను, స్లావిక్‌లో సకారంగాను మారడం సామాన్య నియమం. సంస్కృత ‘దశ’కు స్లావిక్ *దెసెఁతి ఇందుకు ఉదాహరణ. ఆ నియమం ప్రకారం ఇక్కడా సకారమే రావాలి. భర్త తండ్రిని తెలిపే లిథువేనియన్ ‘షెషురస్’లో ఊష్మమే కనిపిస్తుంది. రేఫకు ముందు తాలవ్యత లోపించడం వల్ల కకారం నిలిచిందని కొందరు, పదాదిలోని సకారం వల్ల విసదృశీకరణం జరిగిందని మరికొందరు వివరిస్తారు.

పుంలింగ రూపం ఈ చర్చకు కీలకం. సంస్కృత ‘శ్వశుర’లో కనిపించే నడిమి ఉకారం స్లావిక్ *స్వెక్రులో లేదు. రేఫ హల్లుకు నేరుగా చేరినది స్త్రీలింగంలోనే. కనుక మామ వాచకం అత్త వాచకాన్ని అనుసరించి కొత్తగా రూపొందిందని భావించడం సమంజసం.

విభక్తుల్లో ప్రాతిపదిక రెండు విధాలుగా మారుతుంది. ప్రథమలో పదాంత ఊకారం ఓష్ఠ్యతను కోల్పోయి *స్వెక్రీ అయింది. అచ్చు పరమైనప్పుడు అదే ఊకారం అతిహ్రస్వ ఉకారంగా, వకారంగా విడిపోయి షష్ఠిలో *స్వెక్రువె, ద్వితీయలో *స్వెక్రువి ఏర్పడ్డాయి. ఈ వైవిధ్యాన్ని తరువాతి భాషలు తొలగించాయి. రష్యన్‌లో ద్వితీయా రూపమే ప్రథమగా స్థిరపడి ‘స్వెక్రోవ్’ అయింది. బల్గేరియన్ ‘స్వెకర్వ’ అకారాంత స్త్రీలింగాలలో చేరింది. రెండింటా మిగిలిన వకారం ప్రాచీన ఊకారాంతానికి సాక్ష్యం.