మీకు తెలుసా? క్రొత్త డిస్కు పాతదానిని తొలగించునా?

జనగామ జిల్లా రఘునాథపల్లి వంటి గ్రామములలో వివాహోత్సవములను పదిలపఱచిన వీడియో క్యాసెట్లు నేటికిని కొందఱి బీరువాలలో నుండవచ్చును. కాని వానిని ఆడించు వీసీఆర్ యంత్రముల తయారీని, ప్రపంచమున కడపటివరకు కొనసాగించిన జపాను దేశపు ఫునాయ్ సంస్థ, ఈ జిల్లా యేర్పడిన 2016వ సంవత్సరముననే, జూలై మాసమున, నిలిపివేసెను.

1976లో వెలువడిన వీహెచ్‌ఎస్ క్యాసెట్టును, 1996లో జపానున విడుదలయైన డీవీడీ అనేక పాశ్చాత్య దేశములలో నేరుగా తొలగించినను, మన తెలుగునాట ఆ రెంటి నడుమ వీసీడీ చిరకాలము వ్యాప్తిలో నుండెను. ఒక వీసీడీలో సుమారు 74 నిమిషముల చిత్రము మాత్రమే పట్టుటచే, రెండున్నర గంటల సినిమాకు నడుమ నడుమ డిస్కు మార్చవలసి వచ్చినను, దాని అగ్గువ ధరయే జనులను ఆకర్షించినది.

2006లో వచ్చిన బ్లూరే, 4.7 గిగాబైట్ల డీవీడీకి ప్రతిగా ఒక్క పొరలోనే 25 గిగాబైట్ల నిముడ్చుకొని, ప్రత్యర్థియైన హెచ్‌డీ డీవీడీని 2008లో జయించినను, డీవీడీని మాత్రము తుడిచివేయజాలదయ్యెను. ఏలయన, బ్లూరే యంత్రములు సాధారణముగా డీవీడీలను సైతము ఆడించును గనుక, పాతవానిని పాఱవేయవలసిన యగత్యము కలుగలేదు. ఇంతలో అంతర్జాలము రెంటిని ప్రక్కకు నెట్టినది.

తేమవలన బూజు పట్టిన టేపుపై చిత్రము క్రమముగా నశించును; కావున క్యాసెట్లున్నవారు, ఆడించు యంత్రము దొరుకుచుండగనే, వానిని కంప్యూటరులోని కెక్కించి రెండు చోట్ల భద్రపఱచుకొందురు గాక.