ఆకాశగంగ ఘోషలో ఆదివెలుగు

మహాశివరాత్రినాడు నరసరావుపేట చేరువనున్న కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల మ్రోల మైకుల మోత మిన్నుముట్టుచుండగా, ఆ సమ్మర్దమున ఒక పసిబిడ్డ కాలి మువ్వ మ్రోగినదనుకొందము. దానిని గుర్తించుట యెట్లు? మోతను ఆపుట మన చేతిలో లేదు. దాని తీరును చక్కగా నెరిగి, లెక్కలో తీసివేసి, మిగిలినదానిని పరిశీలింపవలెను. విశ్వము శైశవమునాటి వెలుగును కొలుచు శాస్త్రజ్ఞుల పని ఇట్టిదే.

1964లో అమెరికా దేశమున పెంజియాస్, విల్సన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు తమ ఆంటెన్నాను ఎటు త్రిప్పినను తగ్గని సన్నని సవ్వడిని గమనించిరి. విశ్వము పుట్టిన సుమారు 3,80,000 సంవత్సరములకు బయలుదేరిన వెలుగు, క్రమముగా చల్లారి, నేడు సూక్ష్మతరంగములుగా మనలను చేరుచున్నది. దాని ఉష్ణోగ్రత పరమశూన్యమునకు పైన 2.725 డిగ్రీలు మాత్రమే. అయితే ఆ వెలుగునకును మనకును నడుమ ఆకాశగంగ యున్నది. అందలి అయస్కాంత క్షేత్రములలో సుడులు తిరుగు ఎలక్ట్రానులు రేడియో తరంగములను వెలువరించుచున్నవి. నక్షత్రముల నడుమనున్న ధూళియు తన వంతు కాంతిని చేర్చుచున్నది.

ఈ మాలిన్యమును వేరుచేయు ఉపాయము పౌనఃపున్యములోనే కలదు. ఎలక్ట్రానుల ఘోష పౌనఃపున్యము పెరిగినకొలది తగ్గును; ధూళి కాంతి హెచ్చును. ఆదివెలుగు ఉష్ణోగ్రత మాత్రము అంతటను ఒక్కటే. కావుననే 2009లో ప్రయోగింపబడిన ప్లాంక్ ఉపగ్రహము ఆకాశమును తొమ్మిది పౌనఃపున్యపు పట్టీలలో కొలిచెను. ఈ జాగ్రత్త విలువ 2014లో తెలియవచ్చినది. ఆ యేట దక్షిణధ్రువము నుండి బైసెప్ 2 బృందము విశ్వారంభపు గురుత్వ తరంగముల జాడ దొరికినదని ప్రకటించెను. మరుసటి యేట ప్లాంక్ కొలతలతో కలిపి చూడగా, ధూళి పాలు తీసివేసిన పిదప ఆ జాడకు ఆధారము నిలువలేదు.

మన తెలుగు గడ్డయు ఇట్టి అన్వేషణకు తావైనది. తొలి నక్షత్రములు వెలిగిన కాలమున హైడ్రోజన్ వాయువు ఆదివెలుగుపై వేసిన ముద్రను వెదకుటకై, బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థవారు సారస్ 2 అను పరికరమును నాటి అనంతపురము జిల్లాలోని టింబక్టు కలెక్టివ్ ఆవరణలో నిలిపిరి. అది 110 నుండి 200 మెగాహెర్ట్జ్ వరకు ఆకాశమును ఆలకించెను. 2017లో వెలువడిన దాని ఫలితములు, ఆ వాయువు చల్లగనే యుండి త్వరితముగా మార్పు చెందినదను కొన్ని ఊహలను త్రోసిపుచ్చినవి.

ఇచట ప్రసారకులమైన మేమొక మాట చెప్పవలెను. ఎఫ్.ఎం. ప్రసారములు 88 నుండి 108 మెగాహెర్ట్జ్ వరకు సాగును. మీ యింట పాట పలికించు ఆ తరంగమే అట్టి పరికరమునకు మాలిన్యము. విమానములకును, ఉల్కలు విడిచిన జాడలకును తగిలి అది దూరసీమలకు సైతము చేరును. అందుచేత ఈ పనికి రేడియో సందడి లేని తావు వెదకవలసియుండును.

2018లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆస్ట్రేలియాలో ఎడ్జెస్ అను పరికరముతో 78 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు అర డిగ్రీ లోతుగల పల్లమును చూచితిమనిరి. అచట ఆకాశగంగ ఘోష వేయి డిగ్రీలకు పైమాట! అది నిజమైనచో, తొలినాటి వాయువును గూర్చిన మన భావనలే మారవలసివచ్చును. ఆంటెన్నా క్రింది నేల పొరలు కొలతను చెరుపకుండుటకై, సారస్ 3ను 2020లో కర్ణాటక జలాశయములలో తెప్పపై తేలించిరి. 2022లో వెలువడిన ఫలితము, ఎడ్జెస్ చెప్పిన పల్లమును 95.3 శాతము నిశ్చయముతో నిరాకరించెను.

కష్టమెచట నున్నది? ఆకాశగంగ ఘోషను ఒక నున్నని వంపుగీతగా భావించి తీసివేయుదురు. ఆ గీత మరీ బిగువైనచో మాలిన్యము మిగిలి వార్తవలె కనబడును. మరీ వదులైనచో అసలు వార్తనే మ్రింగివేయును. పరికరములోని చిన్న లోపమును ఆకాశమువలె నటింపగలదు. కావుననే ఒకరు కన్నదానిని మరొకరు, వేరొక తావున, వేరొక పరికరముతో సరిచూచుట తప్పనిసరి.

మాచర్లలోగాని గురజాలలోగాని రాత్రివేళ రేడియో ముల్లును రెండు కేంద్రముల నడుమ నిలిపినప్పుడు వినవచ్చు బుసలో చాలపాలు పరికరముదియు, వాతావరణముదియు, ఆకాశగంగదియు. అత్యల్పమైన ఒక పాలు మాత్రము ఆ ఆదివెలుగుది.