సీమలో చేతితుపాకి: ఎన్నిక, వాడుక

కర్నూలు, కడప మండలములలో ఆయుధమును గూర్చి వ్రాయబూనిన వానికి మొట్టమొదట స్ఫురించునది 1839వ సంవత్సరము. ఆ యేడు కుంఫిణీవారు కర్నూలు కోటను సోదాచేసి, నవాబు గులాం రసూల్‌ఖాను అంతఃపురపు తోటలలోనే ఫిరంగులు పోతపోయు కొలుములను, లెక్కకు మిక్కిలియగు మందుగుండును కనుగొనిరి. ఇంత సరంజామా యుండియు కోట పోరులేకయే చిక్కినది. అక్టోబరు 18వ తేదీని జోహరాపురమువద్ద జరిగిన యుద్ధమున నవాబు పట్టువడి, తిరుచిరాపల్లికి పంపబడి, మరుసటి యేట అచటనే మరణించెను. ఆయుధములు దాచుకొనుట వేరు, వానిని వినియోగించు నేర్పు వేరు అను మాట సీమవారికి క్రొత్తగా చెప్పవలసినది కాదు.

అంతకు నలువది యేండ్లకు ముందే, 1800లో నిజాము ఈ మండలములను దత్తము చేసిన పిదప, మన్రో దొర వచ్చి పాళెగాండ్ర నడచెను. 1878లో లిట్టను ప్రభువు కాలమున ఆయుధ శాసనము పుట్టి, దేశీయుని చేతినుండి తుపాకిని లాగి తెల్లవారికి మాత్రము మినహాయింపు నిచ్చెను. 1887లో చెన్నపట్టణమున జరిగిన కాంగ్రెసు మహాసభ దానిని సవరింపుమని కోరవలసివచ్చెను. స్వతంత్ర ప్రభుత్వము 1959లో క్రొత్త శాసనము చేసి, 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలుపరచినది. జాతిభేదము పోయినది, లైసెన్సు మాత్రము నిలిచినది. ఈ నిలుపుదలను మేము తప్పుపట్టము. ఏల తప్పుపట్టమో చెప్పుటకు రెండు సంగతులు చాలును.

2017 మే నెలలో కర్నూలు మండలపు కృష్ణగిరి చేరువ ఒక రాజకీయ నాయకుడు పెండ్లికి పోయి వచ్చుచుండగా దారికాచి చంపబడెను. పునరుద్ధరణకై అప్పగించిన ఆయన తుపాకి నాటికింకను చేతికి రాలేదని పత్రికలు వ్రాసినవి. 2023 మార్చిలో పులివెందుల పట్టణమున డబ్బు తగవులో లైసెన్సు తుపాకి ప్రేలి ఒకరి ప్రాణము పోయెను. మొదటిదానిని చూపి తుపాకి కావలెననువారును, రెండవదానిని చూపి వలదనువారును మన రచ్చబండలమీద కలరు. మా కిరువురితోను పూర్తి యేకీభావము లేదు. వేటకొడవళ్ళతోడను నాటుబాంబులతోడను గుంపుగా వచ్చిపడువారి యెదుట ఆరు గుండ్ల రివాల్వరు ఏమి చేయగలదో ఎవరును రూఢిగా చెప్పలేరు. అది యేమైన చేయవలెనన్నచో, దానిని పట్టినవాడు మున్ను కొన్ని వందల తూటాలు గురిమీద కాల్చి యుండవలయును. మా యెఱుకలో లైసెన్సుదారులలో అనేకులు కొన్ననాడు దుకాణమువద్ద పరీక్షకు కాల్చినవి తప్ప మరల కాల్చి యెఱుగరు. ఊరేగింపులో బొజ్జమీద మెఱయుటకే ఆ వస్తువని వారి తలంపు కాబోలు.

ఇక ఎన్నిక విషయము. విదేశ పత్రికలు చదివి రకరకముల పేళ్ళు వల్లించు యువకులు మొదట తెలిసికొనవలసినది, గుండు కొలతను మన శాసనమే చాలవరకు ఎన్నుకొని యున్నదని. 9 మిల్లీమీటర్ల పిస్తోలు, .38, .45, .455 బోరుల తుపాకులు సామాన్య పౌరునికి నిషిద్ధములు. మిగిలినవి ముఖ్యముగా .32, .22. పైదేశములనుండి సామాన్యులు తెప్పించుకొనుట 1980ల దశకములోనే నిలిచిపోయినందున, పాత వెబ్లీలు, బ్రౌనింగులు చేతులు మారుచు, స్వదేశపు సరకుకంటె అనేక రెట్లు వెల పలుకుచున్నవి. అరిగిన గొట్టమునకు అంత ధనము పోయుట మాకు వివేకముగా తోచదు.

స్వదేశపు సరకులో కాన్పూరు రివాల్వరు ప్రధానమైనది. నడుమకు విఱుచుకొని తూటాలు నింపు పాత వెబ్లీ పోలికదే చిరకాలము నడచినది. 2014లో వచ్చిన ‘నిర్భీక్’ టైటానియము మిశ్రలోహముతో చేయబడి 500 గ్రాములు తూగినది. విడుదలనాటి వెల పన్నులతో లక్షా ఇరువదిరెండు వేలు దాటినది. 2023లో వచ్చిన ‘ప్రబల్’ సుమారు 700 గ్రాములది. దాని తూటాల చక్రము ప్రక్కకు తెఱచుకొనును. బరువు తక్కువైనది మోయుటకు సుఖము, కాల్చుటకు కష్టము. తేలిక తుపాకి చేతిలో ఎక్కువగా ఎగిరిపడును. అనుదినము మోయువాడు తేలికదానిని కోరుట సహజమే గాని, రెండింటిని చేతబట్టి, వీలైనచో కాల్చిచూచి, పిమ్మట నిశ్చయించుకొనుట మేలు. పిడి అరచేతిలో నిండుగా కూర్చుండవలెను; చూపుడువ్రేలి మొదటి కణుపు మెత్త మీటమీదికి శ్రమలేక అందవలెను. ఇవి రెండును కుదురనిచో ఎంత పేరుగల తుపాకియైనను పరుల సొమ్మే.

రివాల్వరా, పిస్తోలా యను ప్రశ్నకు మా జవాబు మెట్టసేద్యపు గృహస్థునికి రివాల్వరే. పిస్తోలు పలుచన, తూటాలు నింపుట వడి. కాని అది తూటా నడుమ చిక్కుకొన్నప్పుడు దానిని విడిపించు అభ్యాసము కోరును. నల్లరేగడి దుమ్మును, వేసవి వడగాలియు ఆ చిక్కును పెంచునవే. రివాల్వరులో ఒక తూటా ప్రేలకున్నచో మీటను మరల నొక్కిన చాలును, చక్రము తిరిగి వేరొకటి వచ్చును. నూనె ఎక్కువ పూసిన కొలది దుమ్ము ఎక్కువ పట్టునని మఱువరాదు. పలుచగా పూసి, పొడిగుడ్డతో తుడిచి యుంచవలెను.

తూటాల సంగతి కొంచెము వివరింపవలసి యున్నది, ఏలయన ఇచటనే పొరపాట్లు మెండు. రివాల్వరునకు వాడు .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్ తూటా 1896లో పుట్టినది. దాని సీసపు గుండు 98 గ్రెయినులు, అనగా ఆరు గ్రాములకు పైచిలుకు. పిస్తోలులో వాడు .32 బ్రౌనింగు తూటా 1899 నాటిది, దాని గుండు 71 గ్రెయినులు, రాగితొడుగు గలది. రెంటికిని ముప్పదిరెండే పేరుగాని, ఒకదాని తూటాను వేఱొకదానిలో ఎన్నడు నింపరాదు. కొనునప్పుడు పెట్టెమీది తయారైన సంవత్సరము చూచుకొనవలెను. తోలు పటకాలో తూటాలను గ్రుచ్చి యేండ్లకొలది యుంచు అలవాటు మన పెద్దలది. తోలు పదును చేయుటకు వాడు ద్రవ్యములవలన ఇత్తడికి పచ్చచిలుము పట్టి, తూటా గదిలో ఇఱుకుకొనును. తూటాలు అట్టపెట్టెలో, పొడిచోట, ఎండబడని గదిలో ఉండవలెను. ఎండలో నిలిపిన మోటారుబండి ముందరి అరలో వానిని వదలుట వట్టి మూఢత్వము. ఒకసారి ఎన్ని యుంచుకొనవచ్చునో, ఏడాదికి ఎన్ని కొనవచ్చునో లైసెన్సులోనే వ్రాసియుండును. ఆ హద్దులోపల పాతవానిని అభ్యాసమునకు కాల్చివేసి, క్రొత్తవానిని అక్కఱకు నిలుపుకొనుట సరియైన పద్ధతి.

మోయు తీరునుగూర్చి. 2016 నాటి నియమములు బహిరంగస్థలమున చేతితుపాకి ఒరలో నుండవలెననియు, దానిని ఝళిపింపరాదనియు శాసించుచున్నవి. ఒర మీటను పూర్తిగా కప్పవలెను. తుపాకి దానంతట అది జాఱరాదు. పంచెకట్టువారు మొలలో దోపుకొను పద్ధతిని మేము గట్టిగా నిరసించుచున్నాము. ముడి సడలినచో తుపాకి నేలబడును, పట్టుకొనబోయినచో వ్రేలు మీటమీద పడును. గట్టి తోలుపట్టా పంచెమీదనైన బిగించి, దానికి ఒర తగిలింపవలెను. పెండ్లిండ్లలో, ఉత్సవములలో గాలిలోనికి కాల్చు వేడుకకు 2019 సవరణ రెండేండ్లవరకు ఖైదును గాని, లక్షవరకు జుల్మానాను గాని, రెంటిని గాని విధించినది. పైకి పోయిన గుండు ఎవని నెత్తినో దిగును గదా.

అభ్యాసమునకు నాపరాతి గనుల గోడలు అనుకూలములని బేతంచెర్ల, ఎఱ్ఱగుంట్ల ప్రాంతములందు కొందఱకు భ్రమ కలదు. రాతికి తగిలిన గుండు ఏ దిక్కునకు మరలునో తెలియదు. అనుమతి పొందిన రేంజిలో, మట్టికట్ట వెనుక గల గురిమీదనే, చెవులకు మూతలు, కన్నులకు అద్దాలు ధరించి కాల్చవలెను. అట్టి రేంజి ప్రతి పట్టణమున లేని మాట నిజమే. దానికొక ఉపాయము కలదు. 4.5 మిల్లీమీటర్లకు మించని గొట్టమును, 20 జౌళ్ళకు లోబడిన శక్తియు గల గాలి పిస్తోలునకు లైసెన్సు అక్కఱలేదు. ఒలింపిక్ పోటీలో దాని గురి 10 మీటర్ల దూరమున నుండును. నడిమి పదియంకెల వలయము 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. మీట బరువు 500 గ్రాములకు తగ్గరాదు. దానితో స్థిరపడిన చేయి .32 పట్టినను తొణకదు. హైదరాబాదు బాలిక ఈషాసింగు 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో పిస్తోలుతో ఒక స్వర్ణమును, మూడు రజతములను గెలుచుకొన్నది. అట్టి పేరు కర్నూలు, కడప పిల్లలకు రాకూడదా? బడికొక గాలి పిస్తోలు గది కట్టించుట, ఇంటికొక రివాల్వరు కొనుటకంటె చవుక.

తుదకు ఒక ఆచరణ విషయము. మండువా యిండ్ల పెట్టెలలో తాతలనాటి తుపాకులు గడువు తీఱిన లైసెన్సులతో ఇంకను పడియున్నవి. 2019 సవరణవలన సామాన్యునికి రెండు తుపాకులే అనుమతము. లైసెన్సు గడువు మూడేండ్లనుండి ఐదేండ్లకు పెరిగినది. లైసెన్సుదారు మరణించినచో వారసులు తమ పేర లైసెన్సు లేక ఆ తుపాకిని ఇంట నుంచుకొనరాదు. ఆలస్యము చేయక సమీపపు పోలీసుఠాణాలో గాని, లైసెన్సుగల వర్తకునివద్ద గాని అప్పగించి రసీదు పుచ్చుకొని, పిమ్మట కలెక్టరుగారికి అర్జీ పెట్టుకొనవలెను.