హెడ్‌లైట్ల కోసం పుట్టి, పటాలకు పనికొచ్చిన రేకు

నిర్మల్ చిత్రాన్ని ఫోనుతో ఫొటో తీయబోతే ముందు కనపడేది చిత్రం కాదు, మన గది. నల్లని నేల మీద బంగారు వన్నె గీతలు, పైన నిగనిగలాడే పూత. ఆ నలుపులో ట్యూబ్‌లైటు, కిటికీ ఊచలు, ఫోను పట్టుకున్న మన చెయ్యి అన్నీ తేలతాయి. అద్దం బిగించిన రవివర్మ పటమైనా అంతే. కలంకారీ గుడ్డకు ఈ బెడద లేదు, రంగు నూలులోకి ఇంకిపోయి ఉంటుంది కనుక. ఈ మెరుపు మెగాపిక్సెళ్లు పెంచితే పోయేది కాదు. దాన్ని తీసేయగలిగింది బూడిద రంగులో ఉండే ఒక పల్చటి ప్లాస్టిక్ రేకు. అదే పోలరాయిడ్. నేను చూసిన వస్తువుల్లో ఇంత తక్కువ సామానుతో ఇంత తెలివిని ఇముడ్చుకున్నది మరొకటి లేదు.

కాంతి ముందుకు పోతూనే తన దారికి అడ్డంగా ఊగుతూ ఉంటుంది. మామూలు దీపపు కాంతి అన్ని దిశల్లోనూ ఊగుతుంది. 1808లో పారిస్‌లో ఎతియెన్ మాల్యూస్, లక్సెంబర్గ్ రాజభవనపు కిటికీ అద్దాల మీద పడి తిరిగొస్తున్న సాయంత్రపు ఎండను కాల్సైట్ స్ఫటికంలోంచి చూశాడు. ఆ స్ఫటికంలో ప్రతి వస్తువూ రెండుగా కనిపిస్తుంది. స్ఫటికాన్ని తిప్పుతుంటే ఆ రెండు బింబాల్లో ఒకటి వెలవెలబోయింది. అద్దం మీద ఏటవాలుగా పడి తిరిగొచ్చిన కాంతి ఒకే దిశలో ఊగుతోందన్నమాట. దీన్నే ధ్రువణం అంటాం. మామూలు గాజుకైతే సుమారు 56 డిగ్రీల కోణంలో ఇది పూర్తిగా జరుగుతుందని 1815లో బ్రూస్టర్ లెక్క తేల్చాడు.

అలా ఒకే దిశలో ఊగే కాంతిని ఆపడానికి చాలాకాలం కాల్సైట్ ముక్కలే దిక్కు. అవి చిన్నవి, ఖరీదైనవి. 1852లో బ్రిస్టల్ వైద్యుడు హెరాపాత్ దగ్గర చదువుకునే శిష్యుడొకడు, క్వినైన్ తాగించిన కుక్క మూత్రంలో అయోడిన్ చుక్కలు వేశాడు. మెరిసే ఆకుపచ్చ స్ఫటికాలు పుట్టాయి. హెరాపాత్ వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడ్డ చోట చీకటి! ఒక్కో స్ఫటికం కాగితమంత పల్చన, కానీ ఒకే దిశలో ఊగే కాంతినే వదిలే పోలరైజరు. వీటిని పెద్దవిగా పెంచాలని ఆయన తంటాలు పడ్డాడు. అవి మరీ పెళుసు, పట్టుకుంటే విరిగిపోయేవి.

హార్వర్డ్ చదువు మధ్యలో వదిలేసిన ఎడ్విన్ లాండ్ దీనికి ఎదురు దారి పట్టాడు. పెద్ద స్ఫటికం ఒక్కటి ఎందుకు? కంటికి ఆనని స్ఫటికాలు కోట్లకొద్దీ తీసుకుని, అన్నిటినీ ఒకే వైపు తిరిగేలా పేర్చి, ప్లాస్టిక్‌లో గడ్డకట్టిస్తే చాలదా? 1929లో పేటెంటుకు దరఖాస్తు పెట్టేనాటికి ఆయనకింకా ఇరవయ్యేళ్లు నిండలేదు. 1938కల్లా ఆ స్ఫటికాలను కూడా వదిలేశాడు. పాలీవినైల్ ఆల్కహాల్ అనే ప్లాస్టిక్ పొరను వేడిచేసి ఒక వైపుకు సాగదీస్తే, చిక్కుపడి ఉన్న అణువుల గొలుసులు బారులు తీరతాయి. ఆ గొలుసుల వెంట అయోడిన్ పట్టించాడు. అంతే, రేకు తయారు.

తరగతిలో ఈ పాఠం చెప్పేటప్పుడు తాడును కటకటాల సందులోంచి ఊపి చూపిస్తాం. నిలువుగా ఊపితే నిలువు సందులోంచి పోతుంది, అడ్డంగా ఊపితే ఆగిపోతుంది. ఒకసారి ఓ అమ్మాయి అడిగింది: "సార్, అయితే గొలుసులు నిలువుగా ఉన్న రేకులోంచి నిలువుగా ఊగే కాంతే వస్తుందా?" రాదు! సరిగ్గా తలకిందులు. అయోడిన్ పట్టిన గొలుసు వెంట ఎలక్ట్రాన్లు అటూ ఇటూ పరిగెత్తగలవు. కాంతిలోని విద్యుత్ క్షేత్రం గొలుసు వెంట నిలువుగా ఊగితే వాటిని పరిగెత్తిస్తుంది, ఆ పనిలో తన శక్తిని పోగొట్టుకుని రేకులోనే వేడిగా మారిపోతుంది. గొలుసుకు అడ్డంగా ఊగే కాంతి ఎలక్ట్రాన్లను పెద్దగా కదిలించలేదు కనుక ఇవతలికి వచ్చేస్తుంది. తాడు నమూనా ఫలితాన్ని చూపిస్తుంది, కారణాన్ని తప్పుగా చూపిస్తుంది. ఆ ప్రశ్న వేసినందుకు ఆ అమ్మాయంటే నాకు ఇప్పటికీ గౌరవం.

లాండ్ కలగన్నది రాత్రిపూట రోడ్లు. ప్రతి కారు హెడ్‌లైటుకూ, ముందు అద్దానికీ 45 డిగ్రీలు వాల్చిన రేకు బిగించాలి, అన్ని కార్లకూ ఒకే వాలు. ఎదురెదురుగా వచ్చే రెండు కార్లు ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి కాబట్టి ఎదుటి దీపపు వాలు మన అద్దపు వాలుకు సరిగ్గా అడ్డమవుతుంది. అతని వెలుగు మన కంట్లో పడదు, మన దీపం వెలుగు మాత్రం మనకు కనపడుతుంది. ఎంత అందమైన ఆలోచన! కానీ సగానికి పైగా వెలుతురు రేకుల్లోనే పోతుంది. పైగా అందరి కార్లకూ ఒకేసారి బిగిస్తే తప్ప ఫలితముండదు. కార్ల కంపెనీలు ఒప్పుకోలేదు. రేకు మాత్రం కళ్లజోళ్లలోకి, కాలిక్యులేటర్లలోకి, ఎల్‌సీడీ తెరల్లోకి పోయింది. లాండ్ అప్పటికప్పుడు ఫొటో ఇచ్చే కెమెరా చేశాడు. అది వేరే కథ.

దీపం ముందొకటి, కన్ను ముందు దానికి అడ్డంగా మరొకటి. రోడ్ల మీద ఓడిన ఆ ఏర్పాటే చిత్రాల ఫొటోలకు సరిగ్గా సరిపోయింది. చిత్రానికి నేరుగా ఎదురు నిలబడి తీయకపోతే చట్రం వంకర పోతుంది. నేరుగా నిలబడితే బ్రూస్టర్ లెక్కగట్టిన ఆ ఏటవాలు కోణం దొరకదు, కాబట్టి లెన్సు ముందు ఒక్క రేకే పెడితే లాభం తక్కువ. అదే దీపానికీ ఒక రేకు కడితే కథ మారుతుంది. పూత పైమెరుపుగా తిరిగొచ్చే కాంతి తన ఊపు దిశను మార్చుకోదు, లెన్సు ముందున్న అడ్డ రేకు దాన్ని ఆపేస్తుంది. రంగులోకి దిగిన కాంతి సంగతి వేరు. రేణువుల మధ్య ఎన్నోసార్లు కొట్టుకుని దిశ మరచిపోయి బయటికొస్తుంది. అందులో సగం రేకు దాటుతుంది. కెమెరాకు అందేది ఆ రంగే.

ఇంట్లో దీపానికి రేకు కొననక్కర్లేదు. ఎల్‌సీడీ మానిటర్ వెలుగు ధ్రువణం చెందే బయటికొస్తుంది. గదిలో దీపాలు ఆర్పి, కిటికీ మూసి, మానిటర్‌లో తెల్ల పేజీ తెరిచి చిత్రానికి పక్కగా నిలబెట్టండి. ఫోనును స్టాండుకు బిగించి, కాస్త దూరం జరిపి రెండింతల జూమ్ పెట్టండి. చిత్రం పక్కన తెల్ల కాగితం ఒకటి ఉంచితే తర్వాత రంగులు సరిచూసుకోవచ్చు. లెన్సు ముందు పోలరాయిడ్ ముక్కను మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట నలుపు మీది తెల్లటి పొర చెరిగిపోయి అసలు నలుపు వస్తుంది. వెలుతురు తక్కువ కనుక ఫోను కదలకూడదు, టైమర్ పెట్టి వదిలేయాలి.

తంజావూరు పటం దగ్గర మాత్రం జాగ్రత్త. అందులో ఉన్నది అసలైన బంగారు రేకు. లోహంలోకి కాంతి దిగి తిరిగిరాదు, దాని అందమంతా పైమెరుపే. లెన్సు ముందున్న పోలరాయిడ్‌ను పూర్తిగా అడ్డం తిప్పితే కృష్ణుడి కిరీటం మసిబారినట్టు నల్లబడుతుంది. అక్కడ మెరుపు చచ్చే చోటికి పోయి కొంచెం వెనక్కి తిప్పాలి. పటం మీద బిగించిన అద్దం కనపడకుండా, బంగారం మాత్రం వెలిగే కోణం ఒకటి దొరుకుతుంది. బటన్ అక్కడ నొక్కాలి.