పురపాలక సంఘము – దాని యధికారము, దాని హద్దు

కర్లపాలెములో నొక చేనిగట్టుమీద మేము మినుము విత్తనశుద్ధి చూపుచుండగా ఒక రైతు, "అయ్యా, మన యూరు ఎప్పుడైన పట్టణములో కలిసినచో మాగాణికి గూడ పన్ను వేయుదురా?" అని యడిగెను. ప్రశ్న పైరును గూర్చినది కాదు. అయినను రైతును గూర్చినదే గనుక ఇచ్చట వ్రాయుచున్నాము.

గ్రామపంచాయతీకి 1994 నాటి పంచాయతీరాజ్ చట్టమును, బాపట్లవంటి పురపాలక సంఘమునకు 1965 నాటి పురపాలక సంఘముల చట్టమును ఆధారము. ఈ సంఘములకు సొంత యధికారము లేదు. రాష్ట్ర శాసనము వ్రాసి యిచ్చినంతయే వానికి గలదు. త్రాగునీరు, వీధిదీపములు, మురుగుకాలువలు, పారిశుద్ధ్యము, ఇండ్ల కట్టడమునకు అనుమతి, ఇంటిపన్ను – ఇవి వాని పనులు. పంటకాలువకు నీరు వదలుటగాని, అడంగలులో పేరు మార్చుటగాని వాని చేతిలో లేవు. అందుకై పురపాలక కార్యాలయము మెట్లెక్కుట వృథా. ఇక హద్దు దాటినచో పట్టణపు పన్ను నోటీసునకు చెల్లుబాటు లేదు.

ఈ హద్దు విలువ మన ప్రాంతీయులు ఒకప్పుడు కష్టపడి నేర్చుకొనిరి. చీరాల, పేరాల గ్రామములు అప్పుడు గుంటూరు జిల్లాలోనివి. 1919–20 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వము వానిని కలిపి పురపాలక సంఘముగా చేసెను. జనులలో నేతగాండ్రు మెండు. పన్ను అనేక రెట్లు పెరిగెను. ప్రజలు వలదని మొరపెట్టుకొన్నను వినలేదు. పన్ను కట్టక కొందరు చెఱసాలకు పోయిరి. 1921 ఏప్రిలులో గాంధీగారు అచటికి వచ్చినపుడు, శాంతముగా పన్ను నిరాకరించుట ఒక మార్గమనియు, ఊరు విడుచుట మరియొక మార్గమనియు చెప్పిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులలో అధికభాగము ఇండ్లు విడిచి, పురపాలక హద్దుకు వెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడిరి. హద్దులో మనుష్యులే లేనిచో పన్ను ఎవరినుండి రాబట్టుదురు? ఎండకును వానకును ఓర్చి దాదాపు 11 నెలలు అట్లే యుండిరి. కాని నాయకుడు చెఱసాల పాలాయెను, ధనము చాలదాయెను. 1922లో తిరిగివచ్చి పురపాలక సంఘమునకు లోబడక తప్పలేదు. గీత గీసిన పిమ్మట దానిని చెరపుట ఎంత కష్టమో దీనివలన తెలియును.

నేడు గీత గీయుటకు కొన్ని కొలతలు గలవు. 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణ ప్రకారము జనసంఖ్య, జనసాంద్రత, స్థానిక ఆదాయము, వ్యవసాయేతర వృత్తులవారి పాలు, ఆర్థిక ప్రాముఖ్యము చూచి గవర్నరు ప్రకటన చేయవలెను. ఊరిలో అధికులు సేద్యముమీదనే బ్రతుకుచున్నచో, ఆ మాట గ్రామసభలో తీర్మానముగా వ్రాయించి ప్రకటనకు ముందే పైకి పంపవలెను. తరువాత సణుగుకొనుట మనవారికి అలవాటు. దానివలన ఫలము లేదు. మరియొకటి: 2005 నాటి ఉపాధి హామీ చట్టము గ్రామ ప్రాంతములకే వర్తించునట్లు చేయబడెను. అట్టి ఏర్పాట్లలో పట్టణ హద్దులోనికి పోయిన కూలీకి ఆ పని దక్కదు.

ఇక ఆ రైతునకు మేమిచ్చిన జవాబు: కేవలము సేద్యమునకే వాడు భూమిపై 1965 చట్టము ఆస్తిపన్ను వేయలేదు. దున్నుచున్నంత కాలమే యీ మినహాయింపు. ప్లాట్లు చేసి రాళ్లు పాతినచో అది ఖాళీ స్థలము క్రింద లెక్కకు వచ్చును.