డ్రైవరు కొడుకు

వంటింటి పని ముగించుకుని ఇప్పుడే నడుం వాల్చి ఉంటారు. ఈ వేళ ఒక సినిమా గురించి చెబుతాను. సినిమా అనగానే పాటలూ, చీరలూ అనుకునేరు! ఇది పిల్లవాణ్ణి ఎత్తుకుపోయిన కథ. జపానులో అకిర కురొసావా 1963లో తీసిన చిత్రం. ఇంగ్లీషులో ‘హై అండ్ లో’ అంటారు గాని, జపాను పేరుకి అర్థం ‘స్వర్గమూ నరకమూ’ అని.

మొన్నామధ్య మా ఇంట్లో నలుగురం కూర్చుని చూశాం. చూసినంతసేపూ ఎవరూ కిక్కురుమనలేదు. అయిపోయాకే మొదలైంది రభస.

కథ ఇదీ. యొకొహామాలో గుట్టమీద పెద్ద మేడ. యజమాని గోండో చెప్పుల కంపెనీలో పెద్ద ఉద్యోగి. కంపెనీని తన చేతుల్లోకి తెచ్చుకోవాలని, ఉన్న ఇల్లు కూడా తాకట్టు పెట్టి డబ్బు పోగుచేశాడు. ఆ రాత్రే ఫోను వస్తుంది: ‘‘మీ అబ్బాయి మా దగ్గరున్నాడు. మూడు కోట్ల యెన్లు ఇవ్వండి’’ అని. ఎంతైనా ఇస్తానంటాడు తండ్రి. అంతలో వాళ్ళ అబ్బాయి ఆడుకుంటూ ఇంట్లోకి వస్తాడు! దొంగ పొరపాటున ఎత్తుకుపోయింది డ్రైవరు కొడుకుని. పిల్లలిద్దరూ ఆటలో బట్టలు మార్చుకున్నారు మరి. అయినా వాడు తగ్గడు, డబ్బు మీరే కట్టాలంటాడు.

కట్టాలా, వద్దా? కడితే గోండో వీధిన పడతాడు. భార్య మొదటినుంచీ కట్టమనే బతిమాలుతుంది. ‘‘ఆవిడకేం తెలుసు, పుట్టింటి కలిమిలో పెరిగింది’’ అన్నారు మా పక్కింటి వదినగారు. సినిమాలో భర్త కూడా దాదాపు ఆ మాటే అంటాడు లెండి. మా ఆడపడుచు ఒప్పుకోలేదు: ‘‘తన బిడ్డనుకున్నప్పుడు ఎంతైనా ఇస్తానన్న నోరు, క్షణంలో ఎలా మారిందీ?’’ అంటుంది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నేనూ గోండో పక్షమే. పైకి అనలేదు అంతే.

చివరికి ఆయన కడతాడు. పరుగెత్తే రైల్లో ముఖం కడుక్కునే గది కిటికీ ఏడు సెంటీమీటర్లే తెరుచుకుంటుంది. అందులోంచి పట్టే సంచీల్లో డబ్బు పెట్టి, నది దగ్గర విసిరేయాలి. పెద్ద ఉద్యోగి కాకముందు చెప్పులు కుట్టిన మనిషి కదా, తన పాత పనిముట్లు తీసి నేలమీద కూర్చుని, పోలీసులిచ్చిన మందుపొట్లాల్ని సంచీల్లో దాచి కుడతాడు. సంచీని కాలిస్తే గులాబీ రంగు పొగ వస్తుంది. నలుపు తెలుపు సినిమాలో ఆ పొగ ఒక్కటే రంగులో కనిపిస్తుంది! పిల్లవాడు క్షేమంగా వస్తాడు. గోండో ఉద్యోగమూ, ఇల్లూ పోతాయి.

అసలు పేచీ రెండో సగంలో. దొంగ ఎవరో పోలీసులకి తెలుస్తుంది. ఇప్పుడే పట్టుకుంటే పదిహేనేళ్ళ శిక్షకు మించదు, తోటి దొంగలిద్దర్నీ వాడే చంపాడని రుజువు చేస్తే ఉరి పడుతుందని, పట్టుకోకుండా వెంట తిరుగుతారు. ఈలోగా వాడు మత్తుమందు ఎంత ఘాటుగా ఉందో చూడటానికి ఒక దిక్కులేని ఆడమనిషి మీద ప్రయోగిస్తాడు. ఆమె చచ్చిపోతుంది. ‘‘అంత దుర్మార్గుడికి ఉరే సరి’’ అంటారు వదినగారు. మరి ఆ మనిషి ప్రాణం ఎవరి ఖాతాలో వేయాలండీ? పోలీసులు ఒక్కరైనా ఆమెకోసం ఆగి నొచ్చుకున్నట్టు నాకు కనపడలేదు.

కురొసావాకి ఆనాటి చట్టంలో ఇలాంటి నేరానికి శిక్ష చాలదని కోపం. అందుకే తీశానన్నాడు. విచిత్రమేమిటంటే సినిమా వచ్చిన నెలలోనే, మార్చి 31న, టోక్యోలో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకుపోయారు. దొంగ ఫోనులో మాట్లాడిన గొంతుని రేడియోలో వినిపించారు. వాడు 1965లో పట్టుబడ్డాడు గాని, బిడ్డని ఎప్పుడో చంపేశాడు. డబ్బుకోసం పిల్లల్ని ఎత్తుకుపోతే యావజ్జీవం దాకా శిక్ష పడేలా 1964లో చట్టం మార్చారు. ఇలాంటి సినిమాలు దొంగలకి దారి చూపిస్తాయనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మా ఆడపడుచు వాళ్ళలో ఒకతె.

ఇదే కథని 2025లో అమెరికాలో స్పైక్ లీ మళ్ళీ తీశాడు. అందులో చెప్పుల కంపెనీ కాదు, పాటల కంపెనీ.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి గుమ్మం దగ్గర కూర్చుని మాతోపాటే చూసింది. మా వాదనలన్నీ అయ్యాక, ‘‘అమ్మా, ఆ డ్రైవరుని ఎవరూ ఏమీ అడగరేం?’’ అంది. నిజమే. ముందు యజమాని కాళ్ళముందు సాగిలపడతాడు. తెల్లారేసరికి, మీరు డబ్బివ్వొద్దు బాబూ అంటాడు. బిడ్డ తిరిగొచ్చాక కూడా, దొంగల ఇల్లు గుర్తు తెచ్చుకోమని వాణ్ణి కారులో ఊరంతా తిప్పి కోప్పడతాడు. ‘‘అయ్యగారి బాకీ తీర్చాలని పిల్లాణ్ణి ఒళ్ళోకి కూడా తీసుకోడు’’ అంది.

మేం నలుగురమూ ఆ సీనుని గమనించనే లేదు. అప్పుడు మేం కాఫీలు తాగుతున్నాం. గ్లాసులు తీసుకెళ్ళి కడగడానికి లేచింది కూడా ఆ అమ్మాయే.