తుయ్ షౌ: స్పర్శతో నేర్చే సమతౌల్యం

కోల్‌కతాలోని చైనీయుల వారసత్వంపై పరిశోధన సాధారణంగా ఆలయాలతో, సమాధులతో మొదలవుతుంది. 18వ శతాబ్ది చివర, వారెన్ హేస్టింగ్స్ కాలంలో, బజ్‌బజ్ సమీపాన చెరకు తోట, చక్కెర కర్మాగారం నెలకొల్పిన టాంగ్ అచ్యూ సమాధి అచీపూర్‌లో ఉంది. ఆ ఊరికి ఆయన పేరే నిలిచింది. టిరెట్టా బజార్, టాంగ్రా వాడలు ఆ తరువాతి చరిత్రకు సాక్ష్యాలు. 1962 యుద్ధానంతరం ఈ సమాజంలో అనేకులు నగరం విడిచి వెళ్లారు. కట్టడాలు మిగిలాయి, దేహంలో నిలిచే విద్యలు మాత్రం మనుషులతోపాటే తరలిపోతాయి. అటువంటి విద్యల స్వభావాన్ని గ్రహించడానికి తాయ్ చీలోని జంట సాధన చక్కని ఉదాహరణ.

ఈ సాధనకు చైనా భాషలో 'తుయ్ షౌ' అని పేరు. 'తోసే చేతులు' అని అర్థం. ఇద్దరు సాధకులు ఎదురెదురుగా నిలిచి, ముంజేతులు ఆనించి, వాటిని వలయాకారంగా కదుపుతారు. ఎదుటివాని బలం ఏ దిశనుండి వస్తున్నదో, అతని బరువు ఏ పాదంపై ఉన్నదో స్పర్శచేతనే తెలుసుకోవాలి. దీనిని 'తింగ్ జిన్', అనగా బలాన్ని వినడం అంటారు. ఇందులో ప్రధాన దోషాలు రెండు. బలానికి బలం ఒడ్డేవాడు తన బిగువునే ఎదుటివానికి పట్టుగా అందిస్తాడు. స్పర్శ తెగేలా వెనుదీసేవాడు వినే మార్గాన్నే పోగొట్టుకుంటాడు. సరియైన పద్ధతిలో సాధకుడు మోకాళ్లు కొద్దిగా వంచి, నడుము తిప్పి, తోపును పక్కకు మళ్లిస్తాడు. దేహభారం మాత్రం పాదాల ఆధారాన్ని దాటదు.

ప్రతీత్యసముత్పాదంలో స్పర్శ వలన వేదన, వేదన వలన తృష్ణ కలుగుతాయి. తుయ్ షౌలో తోపు తగిలిన క్షణాననే ఎదురుతోపు పుట్టబోతుంది. దానిని పుట్టకముందే గమనించడమే సాధన. అందువలన సతిపట్ఠాన సుత్తం బోధించే కాయానుపస్సన, వేదనానుపస్సనలతో దీనిని పోల్చవచ్చును. అయితే పోలిక వంశావళి కాదు. చరిత్రకారులు తాయ్ చీ మూలాలను సాధారణంగా 17వ శతాబ్ది హెనాన్‌లోని చెన్ వంశీయుల గ్రామంలో గుర్తిస్తారు; దాని పరిభాష యిన్-యాంగ్ తత్త్వానిది. బోధిధర్ముడు చైనీయులకు దేహవిద్య నేర్పాడన్న కథకు ఆధారంగా చూపే 'యీజిన్ జింగ్' గ్రంథం సైతం 17వ శతాబ్దిదే.

2020లో యునెస్కో తాయ్ చీని అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఛాయాచిత్రం భంగిమను చూపగలదు గాని, ముంజేతిపై ఒత్తిడి మారిన క్షణాన్ని చూపలేదు. కనుక టాంగ్రా వృద్ధులను కలిసే పరిశోధకుడు ఆలయాల తేదీలతోపాటు, ఎవరు ఎవరి చేతి కింద ఏ విద్య నేర్చారో కూడా అడిగి నమోదు చేయాలి. వారు అనుమతిస్తే తన చేతిని ఆనించి తెలుసుకోవాలి. జంట విద్యకు ఎరిగినవాడు ఒక్కడే మిగిలితే, రెండవ చేయి లేక దానిని చూపడం సైతం అతనికి సాధ్యం కాదు.